అమ్మమ్మ చీర అంచు... ప్రహ్లాదుడి పంచె

స్కూలు డైరీలో టీచరమ్మ రాసిన రెండు లైన్లు చదివి కాసేపు అలాగే నిలబడిపోయాను. వార్షికోత్సవానికి ప్రహ్లాదుడి నాటిక వేస్తున్నారు. మా చిన్నదానికి ప్రహ్లాదుడి వేషం. దుస్తులు తల్లిదండ్రులే సమకూర్చుకోవాలి. ఇదీ సంగతి. రెండో తరగతి పిల్లకి ముఖ్య పాత్ర ఇచ్చారంటే ఏ తల్లికైనా సంతోషమే కదా. నాకు మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టయింది.

కారణం అంతకు ముందటి కృష్ణాష్టమి. సూర్యాపేటలో వేషాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు నుంచి కృష్ణుడి డ్రెస్సు తెచ్చాను. ఎంతమంది పిల్లలు తొడుక్కున్నారో ఏమో, ఒకటే చెమట వాసన. పంచె నడుముకి నిలవలేదు. కిరీటం చెవుల దాకా దిగింది. దాని లోపలి తీగ ఒకచోట పొడుచుకొచ్చి ఉంది. తొడిగేముందు చూసుకోవాల్సింది, చూసుకోలేదు. స్టేజీ ఎక్కాక పిల్ల పిల్లనగ్రోవి పట్టుకుంటే కిరీటం జారింది, కిరీటం పట్టుకుంటే పంచె జారింది. కింద కూర్చున్న పిల్లలు నవ్వారు, పెద్దవాళ్లూ నవ్వారు. వాళ్లనేం అనగలం, నవ్వొచ్చే సంగతే. మా పాప ఏడుస్తూ దిగొచ్చింది. నుదుటి మీద తీగ గీరుకున్న గీత పది రోజుల్లో మానిపోయింది గానీ, ఆ రోజు నుంచి స్టేజీ పేరెత్తితే చాలు ససేమిరా అంటుంది.

పోనీ టీచరుతో వద్దని చెప్పేద్దామా అనుకున్నాను. పద్యం గుక్క తిప్పుకోకుండా చెబుతుందనే ఆవిడ మా పిల్లని ఎంచుకుంది. ఇప్పుడు నేను వద్దంటే అది ఇక జన్మలో స్టేజీ ఎక్కదేమోనని భయం. ఈ భయం నాకు ఊరికే రాలేదు, దాని కథ తర్వాత చెబుతాను.

ఈసారి డ్రెస్సు ఇంట్లోనే కుడతానన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. అందరూ అద్దె డ్రెస్సుల్లో తళతళలాడుతుంటే తనొక్కతే పాత గుడ్డల్లో ఉండాలా అని దాని బెంగ. అప్పుడే నాకు సురభి కమలాబాయి గుర్తొచ్చింది. మన తెలుగు టాకీలో మొదటి కథానాయిక. ఆవిడ కూడా చిన్నప్పుడు ప్రహ్లాదుడి వేషం వేసింది మరి. కథలు రాసుకునేదాన్ని కనక నా చేతిలో ఉన్న ఉపాయం కథ చెప్పడం ఒక్కటే. ఆ రోజు నుంచి రాత్రి భోజనాలయ్యాక మిషను ముందేసుకుని కూర్చోవడం, పక్కన దాన్ని కూర్చోబెట్టుకోవడం, కాసిని కుట్లు, కాసింత కమలాబాయి.

ముందు సురభి అంటే ఏమిటో చెప్పాల్సొచ్చింది. కడప జిల్లాలో సురభి అని ఒక ఊరు. 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లికి వనారస గోవిందరావు అనే ఆయన తన వాళ్లతో కలిసి కీచక వధ నాటకం ఆడాడు. వాళ్లది తోలుబొమ్మలాట ఆడించే వంశం. అప్పటిదాకా తెల్లబట్ట వెనక కూర్చుని బొమ్మల్ని ఆడించినవాళ్లు తామే మొహాలకి రంగు పూసుకుని తెర ముందుకొచ్చారు. జనానికి నచ్చింది. ఆ ఊరి పేరే వాళ్ల పేరైపోయింది. కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు... ఒక్క కుటుంబం చీలుతూ పెరుగుతూ ముప్పైకి పైగా కంపెనీలైంది. 1929లో తెనాలిలో తెలుగు నాటకాల వాళ్లందరినీ ఒకచోట చేర్చి పరిషత్తు మొదలుపెట్టించడం వెనక కూడా ఈ గోవిందరావుగారి చెయ్యి ఉంది.

వాళ్ల పద్ధతి మన ఇళ్లలో పద్ధతే, కాకపోతే ఇల్లంతా స్టేజీ మీదే. తండ్రి రాజు వేషం కడితే తల్లి రాణి, పిల్ల చెలికత్తె, మేనమామ హార్మోనియం. ఆ పూట వేషం లేనివాళ్లు తెర లాగుతారు, దీపాలు చూస్తారు, టికెట్లు అమ్ముతారు. తెరలు వాళ్లే రాసుకుంటారు, దుస్తులు వాళ్లే కుట్టుకుంటారు. ఇంకో సంగతి, మన ఆడవాళ్లు గుర్తుంచుకోవాల్సింది. ఆ రోజుల్లో మిగతా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. స్థానం నరసింహారావుగారి సత్యభామ గురించి మన పెద్దవాళ్లు చెబితే వినే ఉంటారు. సురభిలో మాత్రం ఆడవేషం ఆడవాళ్లే వేశారు. అందుకు వాళ్లు పడ్డ మాటలు ఎన్నో ఊహించుకోవచ్చు. నాటకాలాడే ఆడదంటే ఆ కాలంలో లోకువే. కుటుంబం మొత్తం ఒక్క గుడారం కింద ఉండటమే వాళ్లకు కంచె.

పాపకి ఇదంతా పట్టలేదు. కమలాబాయి ఎప్పుడొస్తుందని అడిగింది.

వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? 1907 ప్రాంతం. తల్లి వెంకుబాయి, తండ్రి కృష్ణాజీరావు. ఇద్దరూ సురభి వాళ్లే. వెంకుబాయి ఆ రాత్రి దమయంతి వేషంలో ఉంది, నిండు చూలాలు. నాటకం మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. గబగబా తెర దించారు. ఆ రంగస్థలం మీదే ఆడపిల్ల పుట్టింది. జనం మొదట నాటకంలో భాగమేమో అనుకున్నారట. సంగతి తెలిశాక పసిబిడ్డకి కానుకగా డబ్బులు కురిపించారని చెబుతారు. కమలాబాయి గురించి రాసినవాళ్లందరూ ఈ కథతోనే మొదలుపెడతారు. ఎవరైనా ఆ డబ్బుల వాన దగ్గరే ఆగి మురిసిపోతారు.

నాకు మాత్రం ఆ తల్లి మీదే మనసు నిలిచింది. నెలలు నిండిన మనిషి మొహానికి రంగేసుకుని, అన్నేసి పద్యాలు పాడుతూ రాత్రంతా నిలబడటమేమిటి? ఆ పూట ఆమె వెయ్యనంటే నాటకం ఆగుతుంది, నాటకం ఆగితే అన్ని పొయ్యిలూ ఆగుతాయి. అంతకు మించి కారణం ఏముంటుంది! దమయంతి రవిక ఆ నెలల్లో ఎన్నిసార్లు విప్పి వదులు చేసుకుని ఉంటుందో కదా అనిపించింది నాకు. కడుపుతో ఉన్నప్పుడు రవిక పక్క కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయిన ఆడవాళ్లకి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

పైగా దమయంతి కథ ఎలాంటిదో చూడండి. జూదంలో సర్వం పోగొట్టుకుని నలుడు అడవుల పాలవుతాడు. పక్షుల్ని పడదామని ఒంటి మీది గుడ్డ విసిరితే అవి ఆ గుడ్డతో సహా ఎగిరిపోతాయి. ఇద్దరికీ దమయంతి చీర ఒక్కటే మిగులుతుంది. ఆమె నిద్రపోతుంటే ఆ చీరలో సగం కోసి కట్టుకుని వెళ్లిపోతాడు. పాత గుడ్డతో వేషం కట్టడం పురాణాల్లో కూడా ఉందన్నమాట అని నేను నవ్వితే, మా పాప మాత్రం నిద్రపోతున్న మనిషి చీర కొయ్యడం తప్పు కదా అని చాలాసేపు వాదించింది. దానితో నేను గెలవలేకపోయాను.

ఇంతకీ మా దగ్గరున్న సరుకేమిటంటారా? మామయ్యగారి పాత ధోవతి ఒకటి. ధోవతి ఎప్పుడూ మధ్యలోనే చిరుగుతుంది, రెండు పక్కలా అంచుల దగ్గర బట్ట గట్టిగానే ఉంటుంది. ఆ పక్కల్ని కోసుకుని, పటిక కలిపిన నీళ్లలో నానేసి, పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరేశాను. ఎండలో ఆరేస్తే పసుపు రంగు వెలిసిపోతుంది. నైలాను గుడ్డ తళుక్కుమంటుంది నిజమే గానీ, స్టేజీ మీద హారతి పళ్లేలు, దీపాలు ఉన్నచోట పసిపిల్లల ఒంటికి నూలు గుడ్డే మేలు. పంచెని కట్టుడు పంచెలా కాకుండా కుచ్చిళ్లు ముందే కుట్టేసి, నడుముకి నాడా దూర్చాను. కింద నాలుగేళ్ల మడత వదిలాను.

తులసి మాల కోసం బజారుకి వెళ్లలేదు. తలంట్లకి కొట్టిన కుంకుడుకాయల గింజలు మా ఇంట్లో డబ్బాడున్నాయి. నల్లగా, నున్నగా ముత్యాల్లా ఉంటాయవి. వాటికి బెజ్జం వెయ్యడం మాత్రం అంత తేలిక కాదు. మావారు డ్రిల్లింగు మిషను పట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నమంతా యాభై నాలుగు గింజలకి బెజ్జాలు వేశారు. అందులో పాతిక దాకా పగిలాయని, లెక్కలో అవి లేవని మీకు చెబితే ఆయనకి కోపమొస్తుంది.

కమలాబాయికి గ్రీన్‌రూమే ఉయ్యాల. పుట్టిన చోటే పెరిగింది. మాటలు నేర్చే వయసులోనే పద్యాలు నేర్చింది. సురభి కుటుంబాల్లో పిల్లలకి ప్రత్యేకంగా నటన నేర్పే బడి ఉండదు. ఊహ తెలిసేసరికే స్టేజీ మీద ఉంటారు. చిన్నారి కమల కృష్ణుడి వేషం వేసింది, ప్రహ్లాదుడి వేషం వేసింది. ఆడపిల్ల అయినా పసివాడి పాత్ర. తర్వాత ఎదిగేకొద్దీ నాయిక పాత్రలు. ఊరూరా తిరిగే కంపెనీలో ఏ ఊళ్లో ఎన్నాళ్లుంటారో తెలియదు. ఆడినన్నాళ్లు ఆడి, ట్రంకుపెట్టెలు బళ్లకెక్కించుకుని ఇంకో ఊరు. ఆ పెట్టెల్లో ఉన్నదే అందరికీ సర్దుబాటు. నిన్న పెద్దవాడి ఒంటి మీదున్న అంగరఖా ఇవాళ చేతులు మడిచి చిన్నవాడికి తొడగడం నాటకం వాళ్ల ఇళ్లలో వింతేమీ కాదు. ఆ కిరీటాలు కూడా బంగారంవా ఏమన్నానా? అట్ట, కాకిబంగారం, గాజుపెంకులు. దీపాల వెలుగులో దూరం నుంచి చూస్తే అవే నవరత్నాలు.

ఈ మాట అన్నాకే మా పాప మొదటిసారి డ్రెస్సు మీద ఆసక్తి చూపించింది. మన కిరీటం దేంతో చేస్తావని అడిగింది.

పెళ్లి శుభలేఖలతో. ఈమధ్య వచ్చే శుభలేఖలు చూస్తున్నారుగా, ఒక్కోటి అట్టపెట్టె అంత ఉంటుంది. బంగారు రంగు అట్ట, ఎర్ర మఖమలు, పైన గణపతి బొమ్మ. పెళ్లయ్యాక పారెయ్యడానికి మనసొప్పదు, దాచుకోవడానికి చోటుండదు. కోదాడ నుంచి మా ఆడబిడ్డ ఒక సంచీడు పంపింది. మైదాపిండి ఉడికించిన జిగురుతో మూడేసి అట్టలు ఒకదాని మీద ఒకటి అతికించి, పైన పీట బోర్లించి బరువు పెట్టి రాత్రంతా ఉంచితే చెక్కలా గట్టిపడ్డాయి. ఈసారి తీగల జోలికే పోలేదు. పాప తల చుట్టూ దారం పెట్టి కొలిచి, చూపుడువేలు పట్టేంత వదులుంచి, వెనక రెండు కొసలూ కలపకుండా చిన్న ఎలాస్టిక్ ముక్క వేశాను. ప్రహ్లాదుడు పిల్లవాడు, రాజకుమారుడే గానీ రాజు కాదు, అంచేత కిరీటం జానెడు మించక్కర్లేదు. అద్దె కొట్లలో పిల్లల కిరీటాలు కూడా హిరణ్యకశిపుడి కొలతకి ఎందుకు చేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

అంచు సంగతే మిగిలింది. పసుపు పంచెకి జరీ అంచు లేకపోతే వెలితిగా ఉంటుంది. బజార్లో మీటరు చొప్పున అమ్మే మెరుపు లేసు గీరుకుంటుంది, ఒళ్లంతా దద్దుర్లు. మిర్యాలగూడలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి, పాత పట్టుచీరల అంచులేమన్నా ఉన్నాయా అని అడిగాను. చూస్తానన్నది.

ఇప్పుడు చెప్పాలి నా కథ. మిర్యాలగూడలో నేను నాలుగో తరగతి చదువుతున్నప్పుడు ఆగస్టు పదిహేనుకి భరతమాత వేషం ఇచ్చారు. నాన్న జీతం ఇల్లు గడవడానికే సరిపోయేది. అమ్మ నాలుగు రాత్రులు కూర్చుని డ్రెస్సు కుట్టింది. కిటికీకి వేసిన కర్టెను దించి దాంతో జాకెట్టు కుట్టింది, నీలం పూల గుడ్డ. మీదికి తన చీర. ముందురోజు రిహార్సలుకి తొడుక్కుని వెళ్తే, మా ఇంటికి ఆడుకోవడానికొచ్చే పిల్ల ఒకతి గుర్తుపట్టింది, ఇది వీళ్ల కిటికీ గుడ్డ అని గట్టిగా చెప్పింది. అంతే. మర్నాడు నాకు జ్వరం అన్నాను. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని ఆమెకి తెలుసు. ఏమీ అడగలేదు. డ్రెస్సు మడిచి లోపల పెట్టేసింది. తర్వాత స్కూల్లోగానీ, కాలేజీలోగానీ నేనెప్పుడూ స్టేజీ ఎక్కలేదు. కథకి బహుమతి ఇస్తామన్నా తపాలాలో పంపమనే రకాన్ని. అమ్మ కూడా మళ్లీ నాకెప్పుడూ వేషానికి కుట్టలేదు. మేమిద్దరం ఆ మాట ఎత్తనేలేదు.

వారం తర్వాత ఊరి నుంచి వచ్చిన చుట్టాలతో అమ్మ ఒక మూట పంపింది. విప్పాను. పైన ఆమె పెళ్లి పట్టుచీర అంచులు, రెండు బారలకి పైనే. చీర ఎప్పుడో చీకిపోయింది. పాత పట్టుచీరలు కొంటామంటూ వీధుల్లోకి వచ్చేవాళ్లుంటారు, జరీ కాల్చి వెండి తీసుకుంటారు. పక్కింటివాళ్లంతా ఇచ్చేసినా అమ్మ మాత్రం అంచులు కోసి దాచింది. వాటి కింద, పాత న్యూస్‌పేపర్లో చుట్టి, ఆ నీలం పూల జాకెట్టు.

ఆ రాత్రి కథ చెప్పలేదు. కుట్టలేదు కూడా.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాం. కమలాబాయి ఇప్పుడు పాతికేళ్ల యువతి. సినిమాలకి మాటలొచ్చిన కాలం. 1931లో బొంబాయిలో ఆర్దేషిర్ ఇరానీ హిందీలో ఆలం ఆరా తీశాడు. ఆ వెంటనే తెలుగులోనూ తియ్యాలనుకున్నాడు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. సినిమా నటులనేవాళ్లు అప్పటికి మనకెక్కడున్నారు? పద్యం పాడగలిగి, డైలాగు చెప్పగలిగి, కెమెరా ముందుకు రావడానికి ఒప్పుకునే ఆడవాళ్లు సురభిలోనే దొరికారు. రంగస్థలం వాళ్లని బొంబాయి పిలిపించి భక్త ప్రహ్లాద తీశారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అనే పిల్లవాడు. తర్వాత అంత పెద్ద దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్ అందులో ప్రహ్లాదుడితో పాటు చదువుకునే మొద్దబ్బాయి. ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా మన కమలాబాయి. ఆ సినిమా 1931 సెప్టెంబరులో విడుదలైందని చాలాకాలం అనుకున్నారు గానీ, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో మొదట ఆడిందని తర్వాత పరిశోధనలో తేలింది.

నాకు ఇందులో ముచ్చటేసేది ఒకటే. చిన్నప్పుడు ప్రహ్లాదుడైన పిల్ల, పెద్దయ్యాక ప్రహ్లాదుడికి తల్లి అయింది. స్టేజీ మీద తను పాడిన కథనే ఇప్పుడు ఇంకో పిల్లవాడు చెబుతుంటే పక్కన నిలబడి వింది. తండ్రికీ కొడుక్కీ మధ్య నలిగిపోయే లీలావతి బాధ ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు, రెండువైపులా తెలుసు.

ఆ 1932లోనే ఇంకో రెండు సినిమాలు చేసింది. పాదుకా పట్టాభిషేకంలో సీత, శకుంతలలో శకుంతల. శకుంతలలో దుష్యంతుడు యడవల్లి సూర్యనారాయణ. ఏడాదిలో మూడు టాకీలు! అప్పటికి తెలుగులో వచ్చినవే అన్ని. శకుంతల అనగానే మా పాప ఏం నగలు పెట్టుకుందని అడిగింది. పెట్టుకోలేదు, ఆశ్రమంలో పెరిగిన పిల్ల, నారచీర, పువ్వులు అన్నాను. నారచీర అంటే ఏమిటని మళ్లీ ప్రశ్న. చెట్టు బెరడు అంటే నమ్మలేదు. మన గోనెసంచి కూడా చెట్టు నారేనని చూపించాక ఒప్పుకుంది.

తర్వాత కమలాబాయి కొన్నేళ్లు బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. కడప జిల్లాలో తోలుబొమ్మల నుంచి మొదలైన వంశం, తెర వెనక పుట్టిన ఆడపిల్ల, ఎక్కడి బొంబాయి, ఎక్కడి హిందీ! ఆ రోజుల్లో సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ నిజాం రాజ్యంలో ఉండేవి, ఇక్కడి ఆడపిల్లలకి బడి గడప తొక్కడమే గగనం. ఆ కాలంలో ఒకావిడ తన గొంతు మీద, తన పాట మీద ఇల్లు నడుపుకుంది. చులకనగా చూసినవాళ్లు చూశారు. ఆమె మాత్రం పని మానలేదు.

మీలో చాలామంది కమలాబాయిని చూసే ఉంటారు, ఆమె అని తెలియకపోయినా. 1951లో వచ్చిన పాతాళ భైరవిలో తోటరాముడి తల్లి ఆవిడే. రాజకుమారి కోసం కొడుకు తెగిస్తుంటే భయపడి చచ్చే ఆ పిచ్చితల్లి. లీలావతికి రాణి నగలు, శకుంతలకి పూలు, తోటరాముడి తల్లికి నూలుచీర. పాపకి ఫోన్లో ఆ సినిమా పెట్టి చూపించాను. ఈవిడేనా ప్రహ్లాదుడు అని కళ్లు పెద్దవి చేసుకుంది. ముసలావిడ కదా అంది. అందరం అవుతాం అన్నాను.

ఆవిడ పోయి యాభై ఏళ్లకి అటూ ఇటూ అవుతోంది. భక్త ప్రహ్లాద సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. కొన్ని ఫోటోలే మిగిలాయి. అంత పాడిన గొంతు ఆ మొదటి సినిమాలో ఎలా వినిపించిందో మనం ఇక వినలేం. సురభి వాళ్లు మాత్రం ఇంకా ఆడుతున్నారు. హైదరాబాదులో శేరిలింగంపల్లి దగ్గర వాళ్ల కాలనీ ఉంది. వాళ్లలో నాగేశ్వరరావుగారికి, అందరూ బాబ్జీ అంటారు, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన పోయారు. ఎప్పుడన్నా వాళ్ల మాయాబజార్ ఆడుతుంటే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. సినిమాలో చూసిన మాయలన్నీ ఎదురుగా, తాళ్లతో, చెక్కలతో చేసి చూపిస్తారు.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే అమ్మ మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చింది. నేను అన్నీ మంచం మీద పరిచి పెట్టాను. జరీ అంచు కుట్టిన పసుపు పంచె, అదే అంచుతో కండువా, కుంకుడుగింజల మాల, శుభలేఖల దండకడియాలు, కిరీటం. అమ్మ ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసింది. కిరీటం తీసి వెనక్కి తిప్పింది. అట్ట అంచు పిల్ల నుదుటికి గీరుకోకుండా లోపల మెత్తగా గుడ్డ వేశాను. నీలం పూల గుడ్డ. ముప్పై ఏళ్లు అటకమీద మడతలో ఉండి దూదిలా మెత్తబడింది. అమ్మ ఆ పూల మీద బొటనవేలు పెట్టి కాసేపు చూసింది. నేను ఆమె మొహం కేసి చూడలేక అంచు సరిచేస్తున్నట్టు కూర్చున్నాను. కుట్లు దూరం దూరంగా పడ్డాయి, నీకు చిన్నప్పటి నుంచి తొందరే అంది. సూది తీసుకుని రెండుచోట్ల మళ్లీ దగ్గరగా వేసింది.

సాయంత్రం స్టేజీ వెనక పిల్ల చెయ్యి చల్లగా ఉంది. పంచె జారితే అని అడిగింది. నాడాకి రెండు ముళ్లు వేశాను, జారదు అన్నాను. జారితే? జారితే ఒక చేత్తో పట్టుకుని పద్యం చెప్పు అంది అమ్మ. అది నవ్వింది.

జారలేదు. ఇబ్బంది అసలు అనుకోనిచోట వచ్చింది. స్తంభం మా మావారూ ఇంకో పిల్ల తండ్రీ కలిసి టీవీ అట్టపెట్టెలు పేర్చి, మిర్యాలగూడ రైసుమిల్లు గోనెసంచులు తొడిగి చేసింది. నరసింహస్వామి వేసిన పిల్లవాడి జూలు జనపనారతో చేశారు. స్తంభం పగిలి స్వామి బయటికి రావాలి కదా, వచ్చేసరికి జూలు గోనెసంచికి చిక్కుకుంది. నరసింహుడు ముందుకి, జూలు వెనక్కి. జనంలో నవ్వులు మొదలయ్యాయి. నా ప్రాణం గుప్పిట్లో ఉంది. మా ప్రహ్లాదుడు చేతులు జోడించి స్తుతి పద్యం మొదలుపెట్టినవాడు, ఆపకుండానే రెండడుగులు పక్కకి వేసి, ఒక చేత్తో జూలు విడదీసి, మళ్లీ వచ్చి చెయ్యి జోడించాడు. పద్యంలో అక్షరం తప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు. కిరీటం అంగుళం కదల్లేదు. అమ్మ మాత్రం చప్పట్లు కొట్టకుండా పంచె కుచ్చిళ్లకేసే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక పిల్ల ఆ వేషం విప్పనంది. అలాగే అన్నం తిని, అలాగే అమ్మమ్మ పక్కలో నిద్రపోయింది. పసుపు రంగు దుప్పటికి అంటుకుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ పంచె కోదాడకి వెళ్తోంది. మా ఆడబిడ్డ కొడుకుకి ఈ కృష్ణాష్టమికి కృష్ణుడి వేషమట. వాడు మా పిల్లకంటే పొడుగు. నిన్న రాత్రి కింది మడత విప్పాను, నాలుగేళ్లకి మూడేళ్లు వదిలితే సరిపోయింది. ఇంకో వేలెడు లోపలే ఉంచాను. కిరీటం వెనక ఎలాస్టిక్ మార్చాను. నెమలీక అక్కడే దొరుకుతుంది. కుంకుడుగింజల మాల ఇవ్వనని మా పాప దాచుకుంది, కృష్ణుడికి ముత్యాలుండాలి గానీ అవెందుకని దాని వాదన. దాని మాటే నెగ్గింది. పొద్దున ఏడు గంటల బస్సుకి మావారు వెళ్తున్నారు, సంచీ గుమ్మం దగ్గర పెట్టాను.